బొటనవేలంత కత్తి

ఆ ఇంట్లో కత్తి ఉండేది కాదు. కత్తే కాదు, కత్తెర లేదు, బ్లేడు లేదు, ఆఖరికి డబ్బా మూత తెరిచే రేకుముక్క కూడా లేదు. ఉల్లిపాయ కోయాలన్నా, కాబేజీ తరగాలన్నా ఇల్లాలు గిన్నె చంకన పెట్టుకుని పక్కింటికి నడిచేది. పక్కింటావిడ వంటగది తలుపు ఆమె కోసం ఎప్పుడూ ఓరగా తీసే ఉండేది. "రా వదినా, నీ కత్తి నీకోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది" అని ఆవిడ నవ్వేది. రొట్టె కోసి అమ్మేదే కొనేవాళ్ళు. కుట్టిన దారం పళ్ళతో కొరికేవాళ్ళు. ఇంటాయన గడ్డం సెలూన్లో చేయించుకునేవాడు. ఎప్పుడైనా పార్సిలొస్తే దాని ముడి విప్పడానికి ఇంటిల్లిపాదీ నడుం కట్టేవాళ్ళు.

ఆ ఇంటికి ఒక్కతే కూతురు. ముళ్ళు విప్పీ విప్పీ చిన్నప్పుడే ఆ పిల్ల బొటనవేళ్ళ గోళ్ళు పలుగుల్లా గట్టిపడ్డాయి. తర్వాత రోజుల్లో పనిలో అందరూ ఆమెను గోళ్ళమ్మ అని పిలిచారు. ఆ పేరే నిలిచిపోయింది.

బళ్ళో ఒకసారి పంతులుగారు ఆమె మొద్దుబారిన పెన్సిల్ పట్టుకుని నిలదీశారు.

"ఇంట్లో బ్లేడు లేదా?"

"లేదండీ."

"పోనీ కత్తి?"

"లేదండీ."

"మరి మీ ఇంట్లో ఏం తింటారే, గాలా?"

పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు లేదో చెప్పాలంటే నాన్న గురించి చెప్పాలి. నాన్న గురించి బయట చెప్పకూడదని అమ్మ ఒట్టు వేయించుకుంది.

నాన్న ఐసు ఫ్యాక్టరీలో రాత్రి పని చేసేవాడు. తెల్లారి ఇంటికొచ్చి, కొంకర్లుపోయిన వేళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, ఇంత తిని పడుకునేవాడు. నెమ్మదస్తుడు. గట్టిగా మాట్లాడిన పాపాన పోలేదు. పైవరసలో ముందుపళ్ళు రెండు లేవు. నవ్వొస్తే చేత్తో నోరు కప్పుకునేవాడు. "రేవులో జారిపడ్డానమ్మా" అని కూతురికి చెప్పాడు. అంతకుమించి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

మిట్టమధ్యాహ్నం, ఎండకి వీధిలో కుక్క కూడా కదలని వేళ, ఆయన నిద్రలో లేచేవాడు. కళ్ళు తెరిచే ఉండేవి. కానీ ఆ చూపు మనిషి మీద ఆగేది కాదు. మనిషిలోంచి దూరి వెనకాల ఇంకెక్కడికో పోయేది. నడక మాత్రం తడబడేది కాదు. ముందు బల్ల సొరుగులు లాగి చూసేవాడు. తర్వాత పళ్ళేలు ఎత్తి కిందన తడిమేవాడు. ఏమీ దొరక్క, గదిలోకి వచ్చి అడగడం మొదలుపెట్టేవాడు. కుర్చీ ముందు వంగి, "అయ్యా, మీ దగ్గర కత్తుందా?" అనేవాడు. కొక్కేనికి వేలాడుతున్న కోటు దగ్గరికెళ్ళి, "బాబూ, మీ దగ్గరో?" అనేవాడు. చివరికి నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న కూతురి దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, పరాయి మనిషిని అడిగినట్టు మర్యాదగా అడిగేవాడు.

"అమ్మా, మీ దగ్గర కత్తేమైనా ఉందాండీ?"

ఏం చెప్పాలో అమ్మ ఆమెకు మాటలు వచ్చిన నాడే నేర్పింది. "లేదండీ" అనాలి. జవాబు చెప్పకపోతే ఆయన అలాగే నిలబడిపోతాడు, ఎంతసేపైనా. లేదండీ అంటే మాత్రం, "పర్వాలేదు లెండి" అని తల వంచి, వెళ్ళి పడుకుంటాడు. కాసేపటికి గురక వినిపిస్తుంది. సాయంత్రం లేచాక ఆయనకేమీ గుర్తుండదు. "ఏమ్మా, లెక్కలు అయ్యాయా?" అని ఆయనే అడుగుతాడు.

కన్నతండ్రి తనను మీరు అని పిలవడం ఆ పిల్లకు అన్నిటికంటే భయంగా ఉండేది.

ఆమె ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుక మొలవని గీత ఒకటుంది. దాని సంగతి పక్కింటావిడ ఒకనాడు చిక్కుళ్ళు వలుస్తూ బయటపెట్టింది. "పెద్దదానివయ్యావు, తెలుసుకో. ఉయ్యాల్లో పడుకున్నావే, మీ నాన్న నిద్రలో లేచొచ్చి ఉయ్యాల తాడు కోసేశాడు. దబ్బున పడ్డావు. మీ అమ్మ ఆ రోజే ఇంట్లో ఉన్న కత్తులన్నీ మూటకట్టి నా మొహాన పడేసింది."

"తాడెందుకు కోశాడు అత్తా?"

ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. గోళ్ళమ్మ పుట్టకముందు నాన్న, ఆయన తమ్ముడు ఇద్దరూ ఏటి మీద బల్లకట్టు నడిపేవారు. ఒకరోజు అవతలి ఒడ్డు ఇంకా దూరం ఉందనగా, లాగుతున్న తాడు చుట్ట తిరిగి తమ్ముడి కాలికి పడింది. కాలితోపాటు మనిషినీ నీళ్ళలోకి ఈడ్చింది. అన్న అతని మణికట్టు పట్టుకున్నాడు. ఏటి వడికి తాడు బిగుస్తూనే ఉంది. గొడ్డలి ఆ చివర ఇంజను గదిలో ఉంది. చెయ్యి వదిలితే తమ్ముడు పోతాడు, వదలకపోతే గొడ్డలి అందదు. కత్తుందా, కత్తుందా అని ఎక్కినవాళ్ళందరినీ అడిగాడు. పెళ్ళికి వెళ్తున్న జనం. అందరూ మంచి బట్టల్లో ఉన్నారు, ఒక్కరి దగ్గరా కత్తి లేదు. చివరికి ఒంటిచేత్తో తమ్ముణ్ణి పట్టుకుని, తల నీళ్ళలో ముంచి, తాడుని పళ్ళతో కొరికాడు. పళ్ళు ఊడాయిగానీ తాడు తెగలేదు.

"మీ బాబాయ్ ఈల వేస్తే రెండు ఒడ్లకీ వినిపించేదే" అంది పక్కింటావిడ, కళ్ళు తుడుచుకోకుండానే.

ఆ రోజు నుంచి గోళ్ళమ్మ "లేదండీ" అన్నప్పుడల్లా ఆమెకు ఒంటి మీద మంచి బట్టలు వేసుకున్నట్టు ఉండేది. తానూ ఆ బల్లకట్టు మీద నిలబడి చూస్తున్న జనంలో ఒకతె అయినట్టుండేది.

చదువు అంతంతమాత్రంగా ముగిశాక ఆమెకు పట్టణ తోటల శాఖలో పని దొరికింది. వింటే ఇదేం పని అనిపిస్తుంది: చెట్లకు కట్టిన తాళ్ళు తీయడం. జనం చెట్టు కనబడితే చాలు ఏదో ఒకటి కడతారు. బట్టలారేసే తాడు, బ్యానరు, దీపాల తీగ, సైకిలు గొలుసు. కట్టినవాళ్ళు మర్చిపోతారు. చెట్టు లావెక్కుతుంది. తాడు బెరడులోకి దిగబడి, బెరడు దాని మీదికి పెదవుల్లా మూసుకుంటుంది. కొన్నాళ్ళకి పైకొమ్మలు ఎండుతాయి. ఎందుకు ఎండాయో ఎవరికీ అర్థం కాదు. అలాంటి చెట్లు వెతికి, తాడు బయటికి తీసి, గాయానికి మందు పూయడం ఆమె పని.

శాఖవాళ్ళు ఇచ్చిన కత్తి మోచేయంత ఉంది. అది బెరడు సందులోకి పోదు. పోయినా తాడుకంటే ముందు చెట్టునే కోస్తుంది. ఆమె దాన్ని ముట్టుకోకుండా ముళ్ళన్నీ గోళ్ళతోనే విప్పేది. నిచ్చెన మోసుకుని ఆమెతో తిరిగే పెద్దాయన్ని అందరూ నిచ్చెన మావయ్య అనేవారు. ఆయన కింద నిలబడి పోరు పెట్టేవాడు.

"ఒక్కో చెట్టుకి ఒక పూట పడుతోందమ్మా! నీ గోళ్ళు అరిగిపోయేలోగా నా మోకాళ్ళు అరిగిపోతాయి. అంత భయమైతే చిన్నది ఏదైనా కొనుక్కోవచ్చుగా?"

"కత్తి నాకు పడదు మావయ్యా."

"కత్తి పడకపోవడం ఏంటి, అదేమన్నా వంకాయా?"

ఆమె నవ్వి ఊరుకునేది.

ఒక ఉదయం రైలుకట్ట వెంబడి ఉన్న చెట్లు చూస్తూ పోతుంటే గుర్రుమని వింత చప్పుడు వినిపించింది. ఎవరో ఒక కుర్రకుక్కని నైలాను తాడుతో మానుకి కట్టేసి పోయారు. అది మాను చుట్టూ తిరిగి తిరిగి, తాడంతా చుట్టుకుపోయి, మెడ బెరడుకి అతుక్కుపోయింది. నాలుక నల్లబడింది. గోళ్ళమ్మ మోకాళ్ళ మీద పడి ముడి కోసం వెతికింది. ముడి కుక్క బరువుకి రాయిలా బిగిసిపోయింది. గోరు దిగలేదు, విరిగింది. నిచ్చెన మావయ్య ఎక్కడో వెనక ఉన్నాడు. ఆమె అరిచింది. కట్ట మీద పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. "కత్తుందా? ఎవరి దగ్గరైనా కత్తుందా?" అని అడిగింది. వాళ్ళు జేబులు తడుముకుని లేదన్నట్టు తలలూపారు.

ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకు చేశాకే తెలిసింది. నోట్లో నైలాను రుచి, కుక్క నోటి చొంగ, చిగుళ్ళలోంచి నెత్తురు. ఆమె తాడుని కొరుకుతోంది.

మావయ్య పరిగెత్తుకొచ్చి కొమ్మలు కత్తిరించే కత్తెరతో ఒక్క నొక్కు నొక్కాడు. తాడు తెగింది. కుక్క కాసేపు నేల మీద పడి రొప్పింది, లేచింది, వెనక్కి చూడకుండా పట్టాలు దాటి పారిపోయింది.

"బతికిందిలే, ఏడవకు" అన్నాడు మావయ్య.

ఆమె ఏడుస్తున్నది కుక్క కోసం కాదు. నాలుకతో ముందుపళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంటోంది.

ఆ సాయంత్రమే ఆమె బస్టాండు వెనక పనిముట్ల దుకాణానికి వెళ్ళింది. దుకాణం నడిపేది ఒక పెద్దావిడ. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుని, గల్లా వెనక ఎత్తు కుర్చీలో కూర్చునుంది. గోడ నిండా కత్తులే. గోళ్ళమ్మ గడపలోనే నిలబడిపోయింది. ఒక్కచోట అన్ని కత్తులు ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నాన్న ఇక్కడికి వస్తే ఎవరినీ అడగనక్కర్లేదు కదా అనిపించింది.

"లోపలికి రామ్మా, అవేం కరవవు. ఏం కావాలి?"

"కత్తండీ. చిన్నది."

పెద్దావిడ అరచేయంత కత్తి చూపింది. ఇంకా చిన్నది అంది గోళ్ళమ్మ. వేలెడంత కత్తి చూపింది. ఇంకా చిన్నది అంది.

"ఇంకా చిన్నదంటే గుండుసూది ఇస్తాను. అసలు దేనికమ్మా?"

"రోజూ దగ్గరుంచుకోవడానికి. చెట్ల పని. తాళ్ళు కోయాలి. బెరడుకి, తాడుకి మధ్య దూరాలి. కానీ..." ఆగింది. "దాంతో మనిషికేమీ కాకూడదు."

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ఆమె కనుబొమ్మ మీది గీత చూసింది. మరేం అడగలేదు. కింద సొరుగు లాగి, గుడ్డ పరిచి, చిన్న చిన్న కత్తులన్నీ దాని మీద పేర్చింది.

ముందు మడతకత్తులు. తాళంచెవి కంటే చిన్నవి, ముద్దుగా ఉన్నాయి. గోళ్ళమ్మ గోరుతో ఇట్టే తెరిచింది. "ఆగు" అని పెద్దావిడ బల్ల మీది గ్లాసు నీళ్ళలో ఆమె వేళ్ళు ముంచింది. "ఇప్పుడు తియ్యి. ఒక్క చేత్తో. రెండో చెయ్యి ఖాళీ లేదనుకో." గోరు జారింది. మళ్ళీ జారింది. ఆ మాట ఆవిడకెలా తెలుసు అన్నట్టు గోళ్ళమ్మ తలెత్తి చూసింది. ఆవిడకేమీ తెలియదు, అందరికీ చెప్పేదే చెప్పింది.

"చూశావా? అవసరానికి తెరుచుకోనిది ఎంత పదునైతే ఏం లాభం? నీకు మడతది వద్దు."

తర్వాత మడవని కత్తులు, ఒరలో పెట్టేవి. ఒకదాని పిడి మరీ పొట్టి. పట్టుకుంటే రెండువేళ్ళ మధ్య జారిపోతోంది. ఒకదాని అంచుకి రంపంలా పళ్ళున్నాయి. తాడు బాగా పట్టుకుంటుంది కానీ అరిగితే ఇంట్లో నూరుకోలేం. ఒకటి అన్నివిధాలా బాగుంది, మొన మాత్రం సూదిలా ఉంది. గోళ్ళమ్మ దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మొన వద్దా?"

"వద్దండీ."

అట్టడుగున మిగిలింది ఒక్కటే. ఆమె బొటనవేలంత ఉంది. అంచు తిన్నగా ఉంది, చివర గుండ్రంగా మొద్దుగా కిందికి వంగింది. పొడుద్దామన్నా పొడవలేం. పిడి కూడా పొట్టిదే, కానీ వెనక చిన్న రంధ్రంలో తోలు ముక్క కట్టి ఉంది. దాన్ని చిటికెనవేలితో పట్టుకుంటే కత్తి చేతిలో కదలదు. పెద్దావిడ కింద నుంచి లావుపాటి కొబ్బరితాడు తీసి బల్ల మీద పెట్టింది. "కొయ్యి."

గోళ్ళమ్మ బెరుగ్గా పెట్టి లాగింది. పీచులు ఒక్కొక్కటే విడిపోయాయి. తాను ఊపిరి బిగబట్టిన సంగతి తాడు తెగాకే ఆమె గమనించింది. తెగిన రెండు కొనలు వేలితో తడిమి చూసింది.

"మెడలో వేసుకుంటావా, నడుముకా?" అంది పెద్దావిడ. "మెడలో అయితే లాగితే తెగిపోయే దారమే కట్టుకో. గట్టి తాడు వేసుకుని కొమ్మల్లో తిరిగావంటే, నీ కత్తే నిన్ను ఉరేస్తుంది."

ఇంట్లో చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. పని నుంచి రాగానే కత్తిని చొక్కా లోపలికి జార్చుకునేది. రాత్రి ఒంటి మీదే ఉంచుకుని పడుకునేది. అమ్మ చూస్తే ఇంట్లో ఉండనివ్వదని తెలుసు. అలా కొన్ని వారాలు గడిచాయి. రైలుకట్ట చెట్లన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. నిచ్చెన మావయ్య, "అమ్మయ్య, నా మోకాళ్ళకి మంచిరోజులొచ్చాయి" అన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె గదిలో కిటికీ పక్కన కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. నాన్న అప్పటికి పని మానేశాడు, అయినా పగటినిద్ర అలవాటు పోలేదు. తలుపు చప్పుడైంది. ఆయన లేచాడు. జుట్టు పూర్తిగా నెరిసింది కానీ నడక మాత్రం అదే. సొరుగులు, పళ్ళేలు, కుర్చీ, కోటు. వంటగది గడపలో అమ్మ ఎప్పటిలాగే తడిచేతులతో నిలబడింది.

ఆయన కూతురి ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, మీ దగ్గర కత్తేమైనా ఉందాండీ?"

ఆమె నోరు తెరిచింది. జీవితమంతా పలికిన మాట నాలుక చివరే ఉంది. బయటికి రాలేదు. చొక్కా కింద కత్తి ఒంటి వెచ్చదనంతో ఉంది.

"ఉందండీ" అంది.

గడపలో అమ్మ చేతిలో గిన్నె కింద పడింది. నాన్న ఆ చప్పుడు వినలేదు. ఆయన మొహం మీద ఏదో కదిలింది. ఆ జవాబుని ఏం చేసుకోవాలో తెలియనట్టు ఒక్క క్షణం అలాగే ఆగిపోయాడు. తర్వాత చెయ్యి చాపాడు. ఆమె దారం లాగింది. పుటుక్కున తెగింది. ఒర తీసి కత్తి ఆయన అరచేతిలో పెట్టింది.

"పిచ్చెక్కిందా నీకు?" అని అమ్మ గుసగుసగా అరిచింది. కానీ కదలలేదు.

ఆయన పెరట్లోకి దాదాపు పరిగెత్తాడు. నీళ్ళతొట్టి పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. ఎడమచెయ్యి నీళ్ళలో ఏదో పట్టుకున్నట్టు బిగిసి ఉంది. కుడిచేత్తో కత్తిని నీళ్ళలో ముంచి కోయసాగాడు. అక్కడేముంది కోయడానికి? నీళ్ళు. "తెగట్లేదురా, కాస్త ఓర్చుకో, తెగట్లేదురా" అంటున్నాడు. చొక్కా తడిసిపోయింది. పక్కింటి గోడ అవతల వంటింటి చప్పుళ్ళు ఆగిపోయాయి.

గోళ్ళమ్మ బట్టలారేసే తాడుని కొక్కెం నుంచి ఊడబీకి, ఒక చివర తొట్టిలోకి దించి, ఆయన కత్తికి అడ్డంగా బిగబట్టి పట్టుకుంది. కత్తికి తాడు తగలగానే ఆయన ఇంకా ముందుకు వంగాడు. కోశాడు. పీచులు తెగుతున్నది ఆమె చేతులకి తెలుస్తోంది. తాడు తెగింది.

"తెగింది! రా, పైకి రా!"

ఎడమచెయ్యి పైకి లాగాడు. ఖాళీ పిడికిలి. దాన్ని తెరిచి చూశాడు, మూశాడు, నీళ్ళలోకి చూశాడు. నీళ్ళు ఇంకా కదులుతున్నాయి. "ఏడీ?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

ఆమె తడిసిన తన మణికట్టుని ఆ పిడికిట్లో పెట్టింది.

ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఆ కమిలిన గుర్తులు చాలా రోజులు పోలేదు. "ఎంత చల్లబడిపోయావురా" అన్నాడు. కత్తి ఎటో జారిపోయింది. ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి, మంచం మీద కూర్చోబెట్టి, తువ్వాలు తెచ్చి, ఆమె పొడి తలని శ్రద్ధగా తుడిచాడు. "జలుబు చేస్తుంది. పడుకో. ఇంటికొచ్చేశాంగా" అన్నాడు. గోడవైపు జరిగి పడుకుని, ఆమె మణికట్టు వదలకుండానే నిద్రపోయాడు. ఆయన మేలుకునేదాకా ఆమె కదలలేదు.

"ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావేంటి? ఒంట్లో బాగోలేదా?"

"ఊరికే నాన్నా."

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ కత్తి అడగలేదు. నిద్రలో లేవనూ లేదు. అమ్మకి సంతోషం కలగాలి. కానీ ఆమె పక్కబట్టలు తీసుకుని ముందుగదిలోకి మారిపోయింది. ఎందుకని కూతురు అడిగితే, "ఆయన గోడకి అతుక్కుని పడుకుంటున్నారు. పక్కన చోటుంది. ఖాళీ లేదు" అంది.

కత్తిని గోళ్ళమ్మ తొట్టి అడుగు నుంచి తీసింది. ఇక దాచే అవసరం లేక మెడలో పైకే వేసుకుంది. ఒక ఉదయం నాన్న టీ తాగుతూ దాన్ని చూశాడు.

"మెడలో అదేంటమ్మా, లాకెట్టా?"

"కత్తి నాన్నా."

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఏదీ."

అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. తన బొటనవేలు పక్కన పెట్టి కొలిచాడు. ఆయన వేలికంటే చిన్నదే.

"ఇది తాడు కోస్తుందా?"

"కోస్తుంది."

"లావుదైనా?"

"కాస్త టైం పడుతుంది. కోస్తుంది."

"ఎంత టైం?"

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "ఊపిరి బిగబట్టినంతసేపు."

ఆయన తలూపాడు. "ఇంతదే చాలేదన్నమాట" అన్నాడు. నోరు కప్పుకోవడం మర్చిపోయాడు.

తర్వాత వంటగది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నాకూ ఒకటి ఉండేది. దీనికంటే కాస్త పెద్దది. ఎప్పుడూ మొలలోనే ఉండేది. ఆ రోజు పొద్దున్న మీ అమ్మ జామకాయ కోసుకుంటానంటే ఇచ్చాను. తిరిగి అడగడం మర్చిపోయాను. నా మరుపే. మీ అమ్మకి ఆ సంగతి గుర్తులేదు. కత్తి నీళ్ళలో పడిపోయిందని చెప్పాను. నువ్వూ అలాగే ఉండనీ. తెలిస్తే తట్టుకోలేదు."

"చెప్పను నాన్నా."

ఆ సాయంత్రం అమ్మ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరగకుండానే అడిగింది. "పొద్దున్న మీ నాన్న ఏం చెప్పారు?"

"ఏం లేదమ్మా."

"కత్తి నీళ్ళలో పడిందని చెప్పుంటారు." కుళాయి కట్టేసింది. "పడలేదు. నా దగ్గరే ఉంది. నువ్వు కడుపులో ఉన్నావు, నోరు చేదుగా ఉందని జామకాయ అడిగాను. ఆయన రేవుకి వెళ్ళాక చూస్తే పళ్ళెంలోనే ఉంది, గింజల మధ్య. పరిగెత్తి ఇచ్చొద్దామనుకున్నాను. ఎండగా ఉంది. సాయంత్రం వస్తారుగా అనుకున్నాను."

గోళ్ళమ్మ తోమిన గిన్నె అందుకుని బోర్లించింది.

"ఆయన అలా చెప్పాక, నేనే తీసుకెళ్ళి ఏట్లో పారేశాను. ఆయన మాట నిజం అవ్వాలిగా. నాకు తెలుసని ఆయనకి తెలీదు. చెప్పకు."

"చెప్పనమ్మా."

ఎవరికిచ్చిన మాట వాళ్ళకి నిలబెట్టుకుంది. అమ్మానాన్నలు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. పొద్దున్నే ఒకే బల్ల దగ్గర ఎదురుబొదురుగా కూర్చుని టీ తాగేవాళ్ళు. ఆయన చక్కెర ఆమె వైపు జరిపేవాడు, ఆమె ఆయన కప్పులో టీ చల్లారితే తన కప్పులోది కాస్త ఒంపేది. కూతురు ఇద్దరి మధ్య కూర్చుని కబుర్లు చెప్పేది. చెట్ల గురించి, మావయ్య మోకాళ్ళ గురించి.

మధ్యాహ్నం మాత్రం ఆ గదిలోకి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. మూసిన తలుపు వెనక నాన్న నిద్రలో మెల్లగా మాట్లాడేవాడు. ఒక మాట అని ఆగేవాడు. అవతలివాళ్ళు జవాబు చెప్పేంతసేపు గది నిశ్శబ్దంగా ఉండేది. తర్వాత ఆయన నవ్వేవాడు.